“నేను టీ గిన్నెను”: ఇందులోని ‘ను’ ఏ విభక్తి?

ప్రశ్న: బెంగళూరులో పనిచేస్తున్న తెలుగు వెబ్ డెవలపర్లం కొందరం వెబ్ సర్వర్ ఒక్కొక్క సంఖ్యతో పంపే దోష సందేశాలను సరదాగా తెలుగు చేస్తున్నాము. 403కు ‘ప్రవేశం లేదు’, 404కు ‘కనబడలేదు’ సులువుగానే కుదిరాయి. కాఫీ పెట్టమని అడిగితే టీ పాత్ర ఇచ్చే జవాబైన 418కి ‘నేను టీ గిన్నెను’ అని వ్రాయగా, మిత్రుడొకరు “గిన్నెను ఏం చేశావు? వాక్యం పూర్తి చేయవేం?” అన్నారు. ఇది ద్వితీయా విభక్తి అవుతుందా?

మొదటి సమాధానం: కాదు. ‘నేను కవిని, నీవు కవివి, మేము కవులము’ అన్నప్పుడు మారుతున్నది కర్తను బట్టి నామానికి చేరే ప్రత్యయం. ‘కవిని చూశాను’ అన్నప్పటి ‘ని’ విభక్తి. రెండింటికీ రూపం ఒకటే కావడం వల్ల మీ మిత్రుడు తడబడ్డారు. ‘సేవకుడను’, ‘సేవకుని’ అన్న చోట గ్రాంథిక భాష ఆ రెండింటినీ వేరుగానే ఉంచింది కాని, గిన్నెకు ఆ భాగ్యం లేదు. మీ పక్క బల్ల దగ్గరి కన్నడిగులకు ఈ చిక్కే రాదు. నేటి కన్నడంలో ‘నాను కవి’ అంటే సరిపోతుంది.

ఆ ప్రత్యయాన్ని మాత్రం వదలకండి. 404 జరిగినదాన్ని చెప్పి ఊరుకుంటుంది. 418లో పాత్రే నోరు విప్పి మాట్లాడుతుంది, హాస్యమంతా అక్కడే ఉంది. 1998 ఏప్రిల్ 1న లారీ మాసింటర్ పేరుతో వెలువడిన ఏప్రిల్ ఫూల్ పత్రం ఆర్ఎఫ్‌సీ 2324 (ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణాలు వెలువడే పత్రాలు), కాఫీ పాత్రలను నెట్‌వర్క్ మీదుగా నడిపే ప్రోటోకాల్‌ను అసలు ప్రమాణ పత్రాల గంభీరమైన శైలిలోనే నిర్దేశిస్తూ, టీ పాత్ర పంపే జవాబు దేహం (అంటే జవాబులోని విషయం) ‘పొట్టిగా, బొద్దుగా ఉండవచ్చును’ అంటుంది. ప్రమాణాల భాషలో ‘వచ్చును’ అంటే ఐచ్ఛికమని అర్థం. పొట్టితనం, బొద్దుతనం ఆంగ్ల పిల్లల పాటలోని టీ పాత్రవి. కాబట్టి అనువాదం కూడా నవ్వకుండానే చెప్పాలి.

రెండవ సమాధానం: వ్యాకరణం సరే, నా అభ్యంతరం గిన్నె మీద. మన ఇళ్లలో ఒకే గిన్నెలో పొద్దున టీ మరిగిస్తాము, సాయంత్రం కాఫీకి పాలు కాస్తాము. ఆ గిన్నె ఎవరినీ ‘కుదరదు’ అని తిప్పి పంపదు. టీకి మాత్రమే అన్న పట్టుదల కొంతైనా కనిపించేది టీ కుర్రవాడి చేతిలోని కెటిల్‌లోనే. ‘టీ కెటిల్‌నండీ’ అంటే ఇంకా సహజంగా ఉంటుంది.

మొదటి సమాధానకర్త: కెటిల్‌కు ఒప్పుకుంటాను, ‘అండీ’కి మాత్రం ఒప్పుకోను. అది బతిమాలుతున్నట్లుంది, ఈ పాత్ర శాసనం చదువుతున్నట్లు మాట్లాడాలి. 2017లో కొన్ని సాఫ్ట్‌వేర్‌ల నుండి 418ని తొలగించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు పదిహేనేళ్ల కుర్రవాడు దానిని కాపాడాలని ఉద్యమమే నడిపాడు. 2022 నాటి ఆర్ఎఫ్‌సీ 9110, హాస్యానికి మరీ ఎక్కువగా వాడేశారు గనుక ఆ సంఖ్య ఇక దేనికీ పనికిరాదని తేల్చి, దానిని అలాగే కేటాయించి ఉంచింది. అంతటి పాత్ర ‘అండీ’ అంటుందా?

ప్రశ్న అడిగినవారు: ‘418: నేను టీ కెటిల్‌ను’ అని ఖాయం చేశాము. మిత్రుడు ఇప్పటికీ “కెటిల్‌ను కడిగావా?” అని అడుగుతూనే ఉన్నారు.