అప్‌డేట్: రాత్రి షిఫ్టుల ఉద్యోగం మానాలా అన్న నా ప్రశ్నకు

పైడిభీమవరంలోని మందుల కర్మాగారంలో ప్రొడక్షన్ రాత్రి షిఫ్టులు మానేసి, ఎక్కువ జీతం కోసం హైదరాబాద్ వెళ్లాలా అని ఇంతకుముందు అడిగాను. వెళ్లలేదు. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివినవారికి క్వాలిటీ కంట్రోల్ విభాగం మేలని మీలో ఒకరు సూచించినందున, సీనియర్ల వద్ద హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) పని నేర్చుకుని, బల్క్ డ్రగ్స్ (మందుల్లో పనిచేసే మూల రసాయనాలు) తయారీకి వర్తించే ఐసీహెచ్ క్యూ7 అనే అంతర్జాతీయ నాణ్యతా మార్గదర్శకాలను క్షుణ్ణంగా చదివి, మా సంస్థలోనే ఇంటర్వ్యూకు హాజరై ఎంపికయ్యాను. జీతం కొద్దిగానే పెరిగింది. అయితే జనరల్ షిఫ్టు దొరికినందువల్ల సాయంత్రానికి శ్రీకాకుళం చేరుకుని అమ్మానాన్నలతో కలిసి భోజనం చేయగలుగుతున్నాను, నా దృష్టిలో అది జీతంతో సమానమైన లాభం. కొంత అనుభవం వచ్చాక, జీతాలు మెరుగ్గా ఉండే రెగ్యులేటరీ అఫైర్స్‌కు ప్రయత్నించదలిచాను. అనుమతుల కోసం సమర్పించే పత్రాల తయారీయే అక్కడ ప్రధానం కనుక ఇంగ్లిషు రాత ఇప్పటినుంచే సాధన చేస్తున్నాను.