అప్‌డేట్: బ్యాంకు క్లర్కా, ఎస్జీటీనా? తేలిపోయింది

బ్యాంకు క్లర్కు, ఎస్జీటీ (అంటే ప్రభుత్వ ప్రాథమిక బడిలో టీచరు) రెండు ఉద్యోగాలూ ఒకేసారి వచ్చాయి, ఏది వదులుకోవాలని ఆ మధ్య ఇక్కడే అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. బడిలో చేరిపోయాను.

పనికొచ్చిన సలహా ఒక్కటే: జీతాలు పోల్చడం మాని, రెండు చోట్లా ఒక్కో రోజు కూర్చుని చూడమన్నది. బ్యాంకులో తెలిసిన అక్క క్యాషియరు. సాయంత్రం లెక్క చూస్తే ఐదు వందలు తగ్గాయి. కట్టలు విప్పి మళ్లీ లెక్కపెట్టారు, చీటీలన్నీ తిరగేశారు, చివరికి తన పర్సులోంచే నోటు తీసి పెట్టారు. "అప్పుడప్పుడూ తప్పదులే" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బడీ స్వర్గమేమీ కాదు. నేను చూసిన చోట ఐదు తరగతులకు ఒక్కరే మాస్టారు. మధ్యాహ్న భోజనం వివరాలు ఎక్కించడానికి సిగ్నల్ అందక, ఫోను పట్టుకుని వేపచెట్టు కిందికి వెళ్లారు. ఈలోగా రెండో తరగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే ఎక్కాలు అరుస్తున్నారు. ఆ గోల ఎందుకో నచ్చింది.

నేను తెగ బుర్ర బద్దలు కొట్టుకున్న పింఛను సంగతి లెక్కలోకే రాలేదు. ఆంధ్రప్రదేశ్ టీచర్లకు 2004 సెప్టెంబరు 1 నుంచి, ప్రభుత్వ బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా చేరేవారికి పింఛను కోసం జీతంలోంచి కోత పడే పద్ధతే, అంటే రెండు చోట్లా ఒకటే. బదిలీ భయమూ వృథా, క్లర్కులను మామూలుగా రాష్ట్రం దాటించరు.

పైకెదగాలనుకునేవారికి బ్యాంకే మేలు. పరీక్ష రాసి ఆఫీసరు అయ్యేవాడివి కదా అని అక్క ఇప్పటికీ సాధిస్తూనే ఉన్నారు.