ఆడపిల్ల ఒంటరిగా, తక్కువ ఖర్చుతో శ్రీలంక, థాయ్‌లాండ్ తిరిగి రావచ్చా?

కావలి అమ్మాయి:
మాది కావలి, ఉద్యోగం చెన్నైలో. బ్యాగు తగిలించుకుని ఒక్కదాన్నే ముందు శ్రీలంక, వీలైతే తర్వాత థాయ్‌లాండ్ తిరగాలని ఉంది. ప్యాకేజీ టూర్‌కి పెట్టేంత డబ్బు లేదు. డార్మిటరీలో పడక, బస్సు, రైలు, రోడ్డు పక్క తిండి, అంతే. ఇంట్లో "పెళ్లయ్యాక మొగుడితో పోదువులే" అంటున్నారు. ఒక్కదాన్నే పోవడం తప్పా, తక్కువ డబ్బుతో పోవడం తప్పా? చెప్పండి.

పొదిలి నాన్న:
తల్లీ, నాకూ నీ ఈడు కూతురుంది, కోపం తెచ్చుకోవద్దు. 2024 నవంబరులో థాయ్‌లాండ్ పక్కనున్న లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో కల్తీ మద్యం తాగి ఆరుగురు విదేశీ టూరిస్టులు చనిపోయారు. వాళ్లలో 19 ఏళ్ల ఆడపిల్లలున్నారు. నువ్వు తాగవనుకో, భాష రాని ఊళ్లో అర్ధరాత్రి జ్వరమొస్తే నోట్లో నీళ్లు పోసేదెవరు? మా అమ్మాయిని ఒంగోలులో రాత్రి బస్సు ఎక్కిస్తే దిగేదాకా నాకు నిద్ర పట్టదు. చూడాలనుంటే ఇద్దరు స్నేహితురాళ్లను తోడు తీసుకుని పో.

నెల్లూరు అక్క:
అన్నా, మీ భయాన్ని కాదనను. కానీ మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి ఇంటిపనికని ఆడవాళ్లు కువైట్‌కి ఒక్కళ్లే పోవడం లేదా? భాష రాదు, ఎవరింట్లో ఉంటారో తెలీదు, అయినా పంపిస్తున్నాం. రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, విదేశం పోవాలని మొక్కుకుని విదేశీ రొట్టె పట్టుకునే ఆడవాళ్లను చూసి ఎవరూ ముక్కున వేలేసుకోరు. సంపాదనకైతే ధైర్యవంతురాలు, ఊరు చూడ్డానికైతే బరితెగించింది. ఇది నాకు మింగుడు పడదు.

చెల్లెమ్మా, నువ్వడిగిన రెండూ తప్పు కాదు. ఏ ఖర్చు తగ్గిస్తున్నావో అది చూసుకో. తిండిలో తగ్గించు. శ్రీలంకలో ఏ చిన్న హోటల్లోనైనా 'రైస్ అండ్ కర్రీ' అడిగితే అన్నం, పప్పు, రెండు మూడు కూరలు పెడతారు, మన మెస్ భోజనంలాగే కడుపు నిండుతుంది. రైల్లో మూడో తరగతి ఎక్కు. విమానం టికెట్టు దగ్గర మాత్రం వెయ్యి, రెండు వేలకు చూసుకోకు. చవక టికెట్టు అని కొంటే వేళ కాని వేళ దింపుతుంది. కటునాయక విమానాశ్రయం నుంచి కొలంబోకి 30 కిలోమీటర్ల పైనే. రాత్రిపూట దిగాల్సి వస్తే సిటీకి పోవద్దు, దగ్గర్లోనే ఉన్న నెగొంబోలో రూము ముందే మాట్లాడి పెట్టుకో.

నేను కొలంబోలో దిగింది ఆడవాళ్ల డార్మిటరీ. ఒక్కో పడకకి ఒక పరదా, తలవైపు ప్లగ్గు, మంచం కింద ఇనుప డ్రాయరు. తాళంకప్ప వాళ్లివ్వరు, మనదే తీసుకెళ్లాలి. ఎక్కడ దిగినా బ్యాగు కింద పెట్టకముందే లోపలి గడియ వేసి, తలుపు గట్టిగా లాగి చూస్తాను. గడియ వదులుగా ఉందా, రివ్యూలు ఎంత గొప్పగా ఉన్నా ఇంకో చోటు వెతుక్కుంటాను, కట్టిన డబ్బు పోయినా సరే. అలా లేచి వచ్చేయడానికి కావాల్సిన డబ్బు విడిగా పెట్టుకోలేకపోతే ప్రయాణం ఇంకో ఆరు నెలలు వాయిదా వేసుకో. ఈ ఒక్క విషయంలో నేను పొదిలి అన్న వైపే.

బస్సులో ఎవడైనా ఒళ్లు తాకిస్తుంటే మొహమాటపడకుండా లేచి పెద్దావిడ పక్కకి మారిపో. ముందు సీట్లు మాత్రం బౌద్ధ భిక్షువులకు కేటాయించినవి, వాళ్ల పక్కన ఆడవాళ్లు కూర్చోరు.

ఇంకోటి. ఒంగోలులో ఒక లాడ్జిలో "వెంట మగవాళ్లెవరూ లేరా" అని నాకు రూము ఇవ్వలేదు. శ్రీలంకలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడెలాగూ ఆంధ్రలో మన ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా, ముందు ఒక్కదానివే మార్కాపురం, కంభం చెరువు తిరిగి రా. నీకు ఎక్కడ టెన్షన్ వస్తుందో ఇక్కడే తెలుస్తుంది.

సిస్టర్, కందుకూరు:
నేను నర్సుని. డెంగీ దోమ పగలు కుడుతుంది, రాత్రి దోమతెర కట్టుకుంటే సరిపోదు. జ్వరమొస్తే పారాసిటమాల్ ఒక్కటే వేసుకో, పరీక్ష అయ్యేదాకా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ముట్టుకోవద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. కోతి గీరినా, కుక్క కరిచినా సబ్బుతో బాగా కడిగి ఆ రోజే రేబిస్ టీకా వేయించుకో. థాయ్‌లాండ్‌లో అద్దె స్కూటర్ ఎక్కేముందు నీ ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం చదువు. సరైన లైసెన్సు, ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుండా పడితే క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. స్కూటర్‌కి పూచీగా పాస్‌పోర్ట్ అడుగుతారు, ఇవ్వొద్దు.

పొదిలి నాన్న:
అంతా బానే చెప్పారు. అయినా నేను మా అమ్మాయిని ఒక్కదాన్నే పంపను. తుఫాను వస్తే ఏం చేస్తుంది? 2025 నవంబరు చివర దిత్వా తుఫానుకి శ్రీలంకలో వందల మంది పోయారు. కొండల్లో రైలు పట్టాలే కొట్టుకుపోయాయి.

నెల్లూరు అక్క:
అందుకే నవంబరులో వద్దంటాను అన్నా. మనల్ని ముంచే ఈశాన్య రుతుపవనాలే వాళ్లనీ ముంచుతాయి. కొండలకీ దక్షిణ తీరానికీ ఫిబ్రవరి, మార్చి మేలు. మే వచ్చిందంటే ఆ వైపు నైరుతి వానలు, అప్పుడు తూర్పున ట్రింకోమలీ వైపు పోవాలి. కొండ రైలు ఎంతవరకు నడుస్తోందో బయల్దేరే వారం కనుక్కో చెల్లెమ్మా, దాన్ని నమ్ముకుని ముందే రూములు కట్టేసుకోకు. టూరిస్టు పోలీసు నంబరు శ్రీలంకలో 1912, థాయ్‌లాండ్‌లో 1155. ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసి పాస్‌పోర్ట్ కవరులో పెట్టుకో. ఇంకో కాగితం మీ నాన్నకివ్వు, ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటావో రాసి.

కావలి అమ్మాయి:
ఫిబ్రవరికి టికెట్లు చూస్తున్నా అక్కా. పగలు దిగేది రాత్రి దిగేదాని కన్నా 2,300 రూపాయలు ఎక్కువ ఉంది. పగటిదే తీసుకుంటున్నా.