బాధితుల వాంగ్మూలాలు విని విని నాకే నిద్ర పట్టడం లేదు: ఇది అలసటేనా?

ప్రశ్న (దర్యాప్తు అధికారిణి)

ఏడేళ్లుగా స్త్రీలపై, పిల్లలపై జరిగే నేరాల విభాగంలో పనిచేస్తున్నాను. వాంగ్మూలాలు నమోదు చేయడమే నా పనిలో ఎక్కువ భాగం. నేను స్వయంగా ఏ ప్రమాదంలోనూ చిక్కుకోలేదు. అయినా కొన్ని నెలలుగా రాత్రి రెండు గంటలకల్లా మెలకువ వచ్చేస్తోంది. ఒకసారి ఒక పాప మాట్లాడుతున్నంతసేపూ గౌను అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. మొన్న మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటూ సరిగ్గా అలాగే చేయడం చూసి, కారణం లేకుండా కసిరి, లేచి వెళ్లిపోయాను.

అంతకన్నా నన్ను భయపెడుతున్న విషయం మరొకటి ఉంది. పోయిన వారం ఒక బాధితురాలు అసలు సంగతికి వస్తున్న క్షణంలో నేను మాట మార్చి తేదీలు, సమయాలు అడగడం మొదలుపెట్టాను. ఆమె మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. కావాలని చేయలేదు కానీ, నేను వినలేకపోయానన్నది నిజం. సెలవు పెడితే ఇది తగ్గుతుందా? పై అధికారికి చెబితే పనికిరాదని ముద్ర వేస్తారేమోనని జంకుతున్నాను.

జవాబు (క్లినికల్ సైకాలజిస్ట్)

మీరు వర్ణించిన స్థితికి సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ అని పేరు. ఇతరులు అనుభవించిన ఘోరాన్ని దగ్గరగా, పదే పదే వినేవారిలో ఆ ఆఘాతపు లక్షణాలే కనిపించడాన్ని చార్లెస్ ఫిగ్లీ వంటి పరిశోధకులు 1990ల నుంచి వివరిస్తూ వచ్చారు. దీనిని కొలవడానికి బ్రయన్ బ్రైడ్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన 17 ప్రశ్నల మాపకం మూడు రకాల లక్షణాలను అడుగుతుంది: వద్దన్నా చొరబడే జ్ఞాపకాలు, తప్పించుకోవడం, అతి అప్రమత్తత. గౌను అంచు మొదటిది, మీరు మాట మార్చడం రెండవది, రాత్రి మెలకువ మూడవది. ఇక్కడ చదివి రోగనిర్ధారణ చేయడం నాకు తగదు. అయితే ఇది వ్యక్తిత్వ లోపం కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. 2013లో వెలువడిన డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం) ప్రమాణాలు, వృత్తిరీత్యా బాలలపై హింస, వేధింపుల వివరాలను పదే పదే ఎదుర్కొనే పోలీసులను, ఘోర అనుభవం తర్వాత వెంటాడే మానసిక రుగ్మత అయిన పీటీఎస్‌డీకి దారితీయగల పరిస్థితికి ఉదాహరణగానే పేర్కొన్నాయి.

సెలవు అలసటను తీరుస్తుంది. పనిభారం వల్ల వచ్చే బర్న్‌అవుట్ వేరు, విన్న విషయం వల్ల తగిలిన గాయం వేరు; రెండవది విశ్రాంతితో మాత్రమే మానుతుందని నమ్ముకోవద్దు. లక్షణాలు నెల దాటి ఉంటూ ఇంటినీ పనినీ దెబ్బతీస్తున్నాయి కనుక ఆఘాత చికిత్సలో అనుభవం ఉన్న నిపుణులను కలవండి. ట్రామాపై కేంద్రీకరించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే చికిత్స), కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాన్ని ఎదుర్కొనే ఈఎండీఆర్‌కు పీటీఎస్‌డీ విషయంలో మంచి ఆధారాలున్నాయి.

జవాబు (పదవీ విరమణ చేసిన విభాగాధికారి)

అమ్మా, నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. బాగా వింటుందని పేరున్న అధికారిణికే కఠినమైన కేసులన్నీ వరుసగా అప్పగించాను. కొన్నాళ్లకు ఆమె బదిలీ అడిగితే, కారణం అడగకుండానే సంతకం పెట్టాను. పని పంచే బాధ్యత నాది. ఆ భారాన్ని ఆమె ఓర్పు మీద వదిలేశాను.

మీ పై అధికారి దగ్గర పని భాషలోనే మాట్లాడండి: వరుసగా రెండు తీవ్రమైన వాంగ్మూలాలు వద్దని, వాటి మధ్య విరామం కావాలని, మరో అధికారితో వంతులు వేయమని అడగండి. వీడియో ఆధారాలుంటే ముందు శబ్దం లేకుండా, చిన్న తెరపై చూడండి. డ్యూటీ చివరి గంటలో మాత్రం వాటిని తెరవకండి, అవి ఇంటికి వెంట వస్తాయి.

ఆ బాధితురాలి విషయం దాచవద్దు. వాంగ్మూలంలో వెలితి ఉందని చెప్పి, ఆమె సమ్మతిస్తే సహోద్యోగి ఒకరు ఆ ఒక్క భాగమే అడిగేలా చూడండి. మొదటి నుంచి మళ్లీ చెప్పించడం ఆమెకు ఇంకో శిక్ష అవుతుంది.

జవాబు (మరో సభ్యుడు)

మా విభాగంలో ఒక ఘటన తర్వాత అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ప్రతి ఒక్కరూ చూసింది చెప్పి తీరాలన్నారు. నేను చూడనివి కూడా ఆ రోజే నా తలకెక్కాయి. మేడమ్‌కు అలాంటిది సూచించకండి.

జవాబు (క్లినికల్ సైకాలజిస్ట్)

మీ అనుభవం సబబే. ఒకే విడతలో నిర్బంధంగా జరిపే డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని నివారిస్తుందని పరిశోధనలు నిరూపించలేదు. తాను ఎంచుకున్న ఒక సహచరుడితో, తనకు వీలైనంత మేరకు మాట్లాడుకోవడం వేరే సంగతి.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు పై అధికారికి చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా విని, కేసుల జాబితా తెప్పించుకున్నారు. ఆ బాధితురాలు ఒప్పుకున్నారు. రేపు ఉదయం మా సహోద్యోగిని ఆమెతో కూర్చుంటారు. నేను నిపుణురాలి దగ్గర గురువారానికి సమయం తీసుకున్నాను.