డాకింగ్ స్కోర్ బాగుంటే ‘క్యాన్సర్ మందు దొరికింది’ అనొచ్చా?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

ఫార్మసీ పీజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే వరస ఇది. ఉదయగిరి కొండల్లో దొరికే మొక్కల్లోని యాభై అరవై రసాయనాలు ఎంచుకుంటారు. వాటి రూపాలు పబ్‌కెమ్ అనే రసాయనాల డేటాబేస్ నుంచి దించుకుని, కొన్ని క్యాన్సర్ కణాల పెరుగుదలకు తోడ్పడే ఈజీఎఫ్ఆర్ ప్రోటీన్‌లో ఆటోడాక్ వీనా అనే సాఫ్ట్‌వేర్‌తో కూర్చోబెడతారు. అణువు ప్రోటీన్‌లో ఎలా, ఎంత గట్టిగా కూర్చుంటుందో కంప్యూటర్లో ఇలా అంచనా కట్టడమే డాకింగ్. పట్టికలో రూటిన్ అనే మొక్క రసాయనానికి -9 చిల్లర స్కోర్, పోలికకు పెట్టిన ఎర్లోటినిబ్‌కి (ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందు) -7 చిల్లర. మైనస్ ఎంత పెరిగితే పట్టు అంత గట్టిదని లెక్క కాబట్టి, ‘ఎర్లోటినిబ్‌ను మించిన క్యాన్సర్ డ్రగ్ క్యాండిడేట్’ అని ముగిస్తారు. ల్యాబ్‌లో ఒక్క పరీక్షా ఉండదు. దీన్ని పరిశోధన అనాలా, వద్దా? మొహమాటం లేకుండా చెప్పండి.

కావలి_కణం

వద్దు. జవాబు ఆ పట్టికలోనే ఉంది. ఎర్లోటినిబ్ ఈజీఎఫ్ఆర్‌ను 2 నానోమోలార్ అనే అతి తక్కువ గాఢత దగ్గరే అడ్డుకుంటుంది. శక్తి లెక్కలోకి మారిస్తే సుమారు -12 కిలోకేలరీలు. వీనా ఇచ్చింది -7. జవాబు ముందే తెలిసిన ఒక్క మందు దగ్గరే 5 కిలోకేలరీలు తప్పిందన్నమాట. 1.4 కిలోకేలరీలు తేడా వస్తే పట్టు పది రెట్లు మారుతుంది. వీనా రాసినవాళ్లే 2010 పేపర్లో తమ లెక్కకు 2.85 కిలోకేలరీల దోషం ఉందని చెప్పుకున్నారు. ఇక -9.1కి మొదటి ర్యాంకు, -8.6కి రెండో ర్యాంకు పంచడం దేనికబ్బా?

రూటిన్ పైకెక్కడానికి కారణం దాని సైజు. హైడ్రోజన్లు వదిలేస్తే ఎర్లోటినిబ్‌లో 29 పరమాణువులు, రూటిన్‌లో 43. ప్రోటీన్‌ను తాకే చోట్లు పెరిగేకొద్దీ వీనా స్కోర్ పెంచుకుంటూ పోతుంది. తిరిగే బంధాలకు కోత పెడుతుంది గానీ అది స్వల్పం. పైగా రూటిన్‌కి రెండు చక్కెరలు తగిలి ఉన్నాయి. వాటి హైడ్రాక్సిల్ గుంపులకు నీళ్లలోనే సుఖం. ఆ నీటిని విదిలించుకుని ప్రోటీన్ లోపలికి దూరడానికి అయ్యే ఖర్చును వీనా సరిగా కట్టదు. ఉర్సోలిక్ ఆమ్లం లాంటి ట్రైటర్పీన్లదీ ఇదే తంతు: వంగని కట్టెల్లాంటి అణువులు, ఏ ప్రోటీన్‌లో పెట్టినా పైవరుసే. సంబంధం లేని నాలుగు ప్రోటీన్లకు ఒకే అణువు మొదటి ర్యాంకు వస్తే సంబరపడకండి, అనుమానించండి.

ఒంగోలు_గిత్త

అన్నా, చేతకాని చేతిని వదిలేసి కత్తిని తిడుతున్నావు. సెలినెక్సర్ అనే క్యాన్సర్ మందు ఎట్టా వచ్చింది? ఎక్స్‌పీఓ1 ప్రోటీన్‌లో 528వ అమైనో ఆమ్లమైన సిస్టీన్ ఉన్న గాడిలోకి డాకింగ్‌తో వెతికిన వరుసలోంచే. 2019 జులైలో మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. అదే ఏడాది నేచర్‌లో వచ్చిన పని చూడు: డోపమైన్ డీ4 రిసెప్టర్ మీద 13.8 కోట్ల అణువులను కంప్యూటర్లో జల్లెడ పట్టారు, 549 తయారుచేసి పరీక్షించారు, ఒకటి 180 పికోమోలార్, అంటే 0.18 నానోమోలార్ దగ్గర పనిచేసింది. అది క్యాన్సర్ టార్గెట్ కాదు, ఒప్పుకుంటా. పద్ధతి మాత్రం ఇదే.

మనవాళ్లు వదిలేసేది కంట్రోల్, అంటే జవాబు ముందే తెలిసినదానితో పద్ధతిని పరీక్షించడం. మొదట ప్రోటీన్ డేటా బ్యాంక్‌లోని 1ఎం17 ఫైల్ తీసుకోండి. ఎర్లోటినిబ్ కూర్చున్న ఈజీఎఫ్ఆర్ స్ఫటికం అది, 2.6 ఆంగ్‌స్ట్రాముల స్పష్టత. మందును బయటికి తీసి, దాని రూపం కొత్తగా కట్టి, మళ్లీ డాక్ చేయండి. పాత చోటుకు 2 ఆంగ్‌స్ట్రాముల లోపు వస్తే గ్రిడ్ (వెతికే చోటు) సరిగా ఉన్నట్టు. రాకపోతే అక్కడే ఆగండి, ముందుకెళ్లి లాభం లేదు. వెతికే బాక్స్ మధ్యబిందువు ఆ లైగాండ్ (లోపల కూర్చున్న అణువు) నుంచే తీసుకోవాలి. ప్రోటీన్ మొత్తాన్ని బాక్స్‌లో పెట్టే అలవాటొకటి ఉంది, 27,000 ఘనపు ఆంగ్‌స్ట్రాములు దాటితే వీనాయే హెచ్చరిస్తుంది. ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత లోతుగా వెతకాలన్న సెట్టింగ్) 8తో వదిలేయక 32 పెట్టండి, వేర్వేరు సీడ్‌లతో (వెతుకులాట మొదలయ్యే యాదృచ్ఛిక సంఖ్యలు) మూడుసార్లు నడపండి.

తర్వాత డెకాయ్‌లు, అంటే నిజంగా పనిచేసే అసలు అణువుల్లా కనిపించినా ప్రోటీన్‌ను పట్టవనుకునేవి. డీయూడీ-ఈ అనే సెట్‌లో ఈజీఎఫ్ఆర్‌కి సిద్ధంగా ఉన్నాయి, ఒక్కో అసలు అణువుకు 50 లెక్కన. 20 అసలువి, 1,000 డెకాయ్‌లు కలిపి నడపండి. పై 1 శాతం అంటే పది అణువులు. గుడ్డిగా తీస్తే అందులో అసలువి 0.2 ఉండాలి. నాలుగు వస్తే మీ జల్లెడ ఇరవై రెట్లు మెరుగు. ఒక్కటీ రాకపోతే మొక్కల రసాయనాల జోలికే పోవద్దు. అణువుకు రెండు నిమిషాలైతే 34 గంటల పని, మామూలు కంప్యూటర్ చాలు. కరెంటు పోతే మొదటికి రాకుండా, అవుట్‌పుట్ ఫైల్ ఉన్న అణువును దాటేసేలా స్క్రిప్ట్ రాసుకోండి.

ఇంత చేశాక ల్యాబ్ లేకపోయినా అది పరిశోధనే అంటాను.

కావలి_కణం

నువ్వు చెప్పిన నేచర్ పేపర్లో బలమంతా 549 అన్న అంకెలో ఉంది. చేసి చూశారు కాబట్టే దానికి విలువ. వడ్లు తూర్పారబడితే తాలు పోతుంది, నిజమే. మిగిలిన గింజ మొలకెత్తుతుందా లేదా అన్నది గాలి చెప్పదు కదా, తడిగుడ్డలో కట్టి చూడాల్సిందే.

1ఎం17 గురించి రెండు మాటలు. అందులో అమైనో ఆమ్లాల నంబర్లు 24 తక్కువ. మందు పట్టుకునే హింజ్ భాగంలోని మెథియోనిన్ అక్కడ 769, మామూలు లెక్కలో 793. టీ790ఎం (790వ థ్రియోనిన్ మెథియోనిన్‌గా మారే) మ్యుటేషన్ కట్టాలనుకుని ఆ ఫైల్లో 790 దగ్గర మార్చితే వేరే అమైనో ఆమ్లాన్ని మార్చినట్టే. మార్చాల్సింది 766వ థ్రియోనిన్‌ను. రెండోది, ‘నీళ్లన్నీ తీసేయాలి’ అని యూట్యూబ్ పాఠాల్లో చెప్తారు. ఎర్లోటినిబ్‌లో ఒక నైట్రోజన్‌కీ ఆ థ్రియోనిన్‌కీ మధ్య వారధిగా ఉన్నది నీటి అణువే. ఉంచి ఒకసారి, తీసి ఒకసారి నడిపి రెండూ రాయండి.

చీమకుర్తి_రాయి

ల్యాబ్ పరీక్ష అనగానే ‘ఎంటీటీ చేయించాం’ అంటారు. బతికున్న కణాలు రంగు మార్చే పరీక్ష అది. అందులోనూ లొసుగులున్నాయి. ఈజీఎఫ్ఆర్‌కి డాక్ చేసి, చేతికందిందని, ఈజీఎఫ్ఆర్ మీద పెద్దగా ఆధారపడని ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తారు. ఎ549 ఊపిరితిత్తుల క్యాన్సర్ కణం కదా అంటారా, దానిలో కేరాస్ అనే జన్యువులో మ్యుటేషన్ ఉంది, ఎర్లోటినిబ్‌కే సరిగా లొంగదు. ఈజీఎఫ్ఆర్ మీద ఆధారపడి బతికే హెచ్‌సీసీ827, పీసీ-9 లాంటి కణాలు కావాలి. పక్కనే ఎ549 పెట్టి రెండిటి తేడా చూపాలి. రెండూ ఒకే మోతాదుకు చస్తే మీ అణువు ఉత్త విషం, ఈజీఎఫ్ఆర్‌తో దానికి పని లేదు.

ఇంకో తంటా: క్వెర్సిటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు కణాల్లేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మార్చేస్తాయి. చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. అందుకే మందు, ఎంటీటీ మాత్రమే ఉన్న గుంటలు ప్లేట్‌లో తప్పక ఉండాలి, 570 నానోమీటర్ల దగ్గర ఆ రీడింగ్ తీసేయాలి. మందును కరిగించే డీఎంఎస్ఓ చివరికి 0.5 శాతం దాటకూడదు, అంతే డీఎంఎస్ఓతో మందు లేని గుంటలూ పెట్టాలి. ఎంజైమ్ పరీక్షైతే 0.01 శాతం ట్రైటాన్ (సబ్బులాంటి పదార్థం) కలిపి మళ్లీ చేయండి. ప్రభావం మాయమైతే అణువులు ముద్దకట్టి ఎంజైమ్‌ను చుట్టేశాయన్నమాట.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

మంచిది. మరి డాకింగ్‌కి ముందే, అణువు బరువు లాంటివి చూసే లిపిన్‌స్కీ నియమాలతో వడపోయడం సరైనదేనా?

ఒంగోలు_గిత్త

కళ్లు మూసుకుని వాడకూడదు. మన సముద్రతీరం ఇసుకలో ఎవరూ నాటకుండానే పూసే బిళ్ళగన్నేరును చూడండి. అందులోంచి వచ్చిన క్యాన్సర్ మందుల్లో విన్‌బ్లాస్టిన్ అణుబరువు 811, విన్‌క్రిస్టిన్‌ది 825. ‘500 లోపు’ అన్న నియమం పెడితే మొదటి నిమిషంలోనే రెండూ చెత్తబుట్టలోకి పోతాయి. 1997లో లిపిన్‌స్కీ ఆ నియమాలు చెప్పింది నోటితో మింగే మందుల కోసం, ఇవేమో రక్తనాళంలోకి ఎక్కించేవి.

కావలి_కణం

మంచి ఉదాహరణే. కాకపోతే ఆ మందులు ఏ కంప్యూటరూ లేకుండా, ఆకురసాన్ని జంతువుల మీద పరీక్షించినప్పుడు తెల్లకణాలు పడిపోవడం చూసి దొరికినవని కూడా చెప్పు.

ఒంగోలు_గిత్త

చెప్తా. చివరికి డబ్బు కొద్దిగానే ఉంటే ఏం కొనాలో కూడా చెప్తా. పై పది అణువులూ కొనొద్దు, అందులో ఆరు అన్నదమ్ముల్లా ఉంటాయి. పై వందను పోలికల ప్రకారం గుంపులు కట్టి, హింజ్ మెథియోనిన్‌తో హైడ్రోజన్ బంధం ఉన్నవాటిలోంచి గుంపుకొకటి చొప్పున ఎనిమిది తీయండి. స్కోర్ అడుగున వచ్చినవి రెండు కలపండి. పరీక్ష చేసేవాళ్లకు ఏది ఏదో చెప్పకుండా సీసాల మీద నంబర్లే వేసి పంపండి.

కావలి_కణం

ఆ అడుగు రెండు అణువుల మాటకు నా ఓటు. ఫలితాలు వచ్చేదాకా శీర్షికలో ‘మందు’ అని మాత్రం రాయొద్దు.

ఒంగోలు_గిత్త

‘మందు’ తీసేస్తా. ‘క్యాండిడేట్’ తీయను.