జీఎస్టీ రేట్లు మారాక మీ ఆడిటర్ ఆఫీసు మీకు ఏం చేసిపెట్టింది?

తెనాలి_బట్టలకొట్టు:
అందరికీ నమస్కారం. మాది చీరలు, రెడీమేడ్ల షాపు. మూడు నెలలకోసారి రిటర్న్ వేస్తాం. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారాయి కదా, అదే రోజు నవరాత్రులు మొదలు, షాపు నిండా జనం. మా లెక్కలు చూసే సంస్థ ముందు రోజు రాత్రే మనిషిని పంపి స్టాకు లిస్టు తీయించింది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఐటమ్‌లన్నీ కొత్త రేట్లకు మార్పించింది. కౌంటర్ కుర్రాడికి దగ్గరుండి నేర్పింది. పనికి వంక పెట్టను. ఇప్పుడు దానికి విడిగా ఎనిమిది వేలు అడుగుతున్నారు. మీ దగ్గర ఎంత తీసుకున్నారు? పాత స్టాకు ఇన్‌పుట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మకం పన్నులోంచి తీసివేసుకునే క్రెడిట్, దాని సంగతి ఏం చెప్పారు? రూ. 2500 దాటిన సరుకుకి బిల్లు ఎలా కొడుతున్నారు?

నోట్‌బుక్స్_హోల్‌సేల్_బెజవాడ:
మీ దగ్గర ఫీజు అడిగారు, నా దగ్గర క్రెడిటే ఊడింది. నోటుపుస్తకాలు 12 నుంచి సున్నాకి వచ్చాయని అందరూ సంబరపడ్డారు. నా గోడౌన్‌లో స్కూళ్ల సీజన్‌కి తెచ్చి మిగిలిన సరుకు ఉంది. కొన్నప్పుడు 12 శాతం కట్టాను, క్రెడిట్ తీసుకున్నాను. సరుకు మినహాయింపులోకి పోయింది కాబట్టి 21 రాత్రికి ఉన్న స్టాకు మీద క్రెడిట్ అంతా వెనక్కి కట్టాలి. జీఎస్టీ చట్టం సెక్షన్ 18(4) ప్రకారం, ఫారం ఐటీసీ-03లో. ఇటు స్టేషనరీ షాపుల వాళ్లు "పన్ను తీసేశారుగా, 12 శాతం తగ్గించు" అని నిలదీస్తారు. రెండు వైపులా నాకే కోత. ఈ విషయం మా ఆడిటర్ నాకు ముందుగా చెప్పలేదు. అక్టోబర్‌లో చెప్పాడు.

హనుమకొండ_పార్లర్:
నాది బ్యూటీ పార్లర్. సర్వీసు 18 నుంచి 5కి వచ్చింది, కానీ ఇన్‌పుట్ లేదు. షాపు అద్దె మీద నేను 18 కడుతున్నాను, అదంతా ఇక నా ఖర్చే. షాంపూలు, క్రీములు కూడా అమ్ముతాను. వాటి ఇన్‌పుట్ కూడా పోయినట్టేనా? మా కన్సల్టెంట్ రేటు మార్చి ఊరుకున్నాడు.

ఒంగోలు_కలెక్షన్స్:
2500 దాటితే 18. అంతే, ఇందులో చర్చ ఏముంది? నేను 22 నుంచి పట్టుచీరలకు కూడా 18 వేస్తున్నాను. రేపు నోటీసు వస్తే ఈ ఫోరంలో ఎవరూ వచ్చి కట్టరు.

వ్యాట్_కాలం_ప్రాక్టీషనర్:
ఒంగోలు అన్నా, ముందు ఆ బిల్లింగ్ ఆపు. నేను జీఎస్టీకి ముందున్న అమ్మకం పన్ను వ్యాట్ 2005లో వచ్చినప్పటి నుంచి ఈ పనిలో ఉన్నాను, జిల్లాలో సగం బట్టల షాపుల ఫైళ్లు నా చేతి మీదుగా వెళ్లాయి. చీర కుట్టిన దుస్తు కాదు, గుడ్డ కిందకి వస్తుంది. గుడ్డకి ధరతో పని లేదు, ఆరు వేల గద్వాల చీరైనా 5 శాతమే. 2500 గీత కుట్టిన బట్టలకి: షర్టు, కుర్తీ, రెడీమేడ్ లెహంగా. పాత గీత వెయ్యి, దాటితే 12. ఇప్పుడు గీత 2500, దాటితే 18.

ఒంగోలు_కలెక్షన్స్:
మరి సూరత్ నుంచి వచ్చిన లెహంగా బిల్లులో 18 ఎందుకుంది? వాడికి తెలియదా?

వ్యాట్_కాలం_ప్రాక్టీషనర్:
లెహంగా కుట్టినదేగా! నేను పైన రాసింది చదవకుండా అడుగుతున్నావు. ఇంకొకటి విను, చీరల మీద నువ్వు వసూలు చేసిన ఎక్కువ పన్నును సెక్షన్ 76 ప్రకారం ప్రభుత్వానికి కట్టాల్సిందే. జేబులో వేసుకోవడానికి వీల్లేదు.

ఒంగోలు_కలెక్షన్స్:
జేబులో వేసుకున్నానని ఎవరన్నారు? మాట జాగ్రత్త. పైసాతో సహా రిటర్న్‌లో చూపిస్తాను.

పద్దుల_గుంటూరు:
నేను ఒక ఆడిట్ ఆఫీసులో అకౌంటెంట్‌ని. చీర గొడవ తేలింది, బట్టల షాపులవాళ్లు అసలు చూడాల్సింది వేరే ఉంది. 2500 అనేది పన్ను కలపకముందు ధర. పన్నుతో కలిపి చూస్తే 5 శాతంలో ఉండే గరిష్ఠ ధర రూ. 2625. 18 శాతం మొదలయ్యేది రూ. 2950 దాటాక. ఈ మధ్యలో పన్నుతో కలిపిన ధర పెట్టారంటే ఏ రేటూ నప్పదు. దసరాకి ఒక క్లయింట్ లెహంగాలకి రూ. 2799 ట్యాగ్ వేశారు. 5 శాతం అనుకుని పన్ను తీసేస్తే 2665 పైన, గీత దాటింది, 18 వేయాలి. 18 అనుకుని తీసేస్తే 2372, గీత లోపలే, 5 వేయాలి. సాఫ్ట్‌వేర్ ఒక బిల్లుకి ఒకలా, ఇంకో బిల్లుకి ఇంకోలా కొట్టింది. మా ఆఫీసులో ఆ ట్యాగ్‌లన్నీ పీకించి కొన్ని 2599, కొన్ని 2999 చేయించాం.

వ్యాట్_కాలం_ప్రాక్టీషనర్:
అమ్మాయ్, ఇంత సన్న లెక్క ఏ ఆఫీసరూ చూడడు. 2799కి 18 వేసేస్తే ఏ గొడవా లేదు.

పద్దుల_గుంటూరు:
ఆఫీసర్ చూస్తాడా లేదా అన్నది కాదు సార్. 2799లో 18 అంటే ప్రభుత్వానికి రూ. 427, 5 అంటే రూ. 133. ముక్కకి దాదాపు మూడొందల తేడా. పండగ సీజన్‌లో షాపువాడి లాభం అందులోనే ఉంటుంది. గొడవ లేదని మీరు అనేస్తారు, కట్టేది క్లయింట్.

తెనాలి_బట్టలకొట్టు:
అమ్మా, రూ. 2700 కుర్తీకి బిల్లు మీదే డిస్కౌంట్ ఇస్తే ఏది లెక్క?

పద్దుల_గుంటూరు:
పన్ను కలపని ధర 2700 అయితే, బిల్లులోనే 250 తగ్గించి చూపిస్తే విలువ 2450, 5 శాతం. డిస్కౌంట్ బిల్లు మీద కనపడాలి. నోటిమాటగా తగ్గించి తర్వాత సర్దుకుంటామంటే కుదరదు.

అనంతపురం_డ్రిప్:
బట్టలవాళ్లు కాస్త పక్కకి జరగండి. డ్రిప్ సామాను 12 నుంచి 5కి, ట్రాక్టర్ టైర్లు 18 నుంచి 5కి వచ్చాయి. రైతుకి మంచిదే, కాదనను. నా లెడ్జర్‌లో పాత రేటు మీద కొన్న సరుకు క్రెడిట్ లక్షల్లో ఇరుక్కుంది. అమ్మేదీ 5, కొత్తగా కొనేదీ 5. అది కరిగేది నా మార్జిన్ మీద పడే పన్నులోనే, అంటే చుక్కచుక్కగా. రిఫండ్ వస్తుందని ఒకాయన నా దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు.

వ్యాట్_కాలం_ప్రాక్టీషనర్:
ఇన్‌వర్టెడ్ డ్యూటీ (కొన్నదాని మీద పన్ను రేటు అమ్మినదాని కంటే ఎక్కువ ఉండటం) కింద రిఫండ్‌కి వేసుకోవచ్చు, నేను వేయించాను.

పద్దుల_గుంటూరు:
అదే సరుకు కొని అదే సరుకు అమ్మేటప్పుడు, మధ్యలో రేటు తగ్గినందుకు ఆ రిఫండ్ రాదని కేంద్రమే ప్రశ్నలు జవాబుల్లో రాసింది. క్రెడిట్ పోదు, వేరే సరుకు మీద పన్నుకి కూడా వాడుకోవచ్చు, అంతవరకే. అనంతపురం అన్నా, అడ్వాన్స్ వెనక్కి అడగండి.

ఖమ్మం_కిరాణా:
మీరందరూ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు. నాది చిన్న కొట్టు. అందరూ యూపీఐ. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి కూరగాయల వాళ్లకి కూడా నోటీసులు పంపారు కదా, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మా బావమరిది నందిగామలో, ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఏం భయం లేదు అంటాడు.

నోట్‌బుక్స్_హోల్‌సేల్_బెజవాడ:
అవును, సరుకు అమ్మేవాళ్లకి 40 లక్షలే. దేశమంతా అంతే.

ఖమ్మం_కిరాణా:
దేశమంతా కాదన్నా. మా తెలంగాణలో సరుకులకి కూడా 20 లక్షలే. మీ ఆంధ్రలో 40. నందిగామకీ ఖమ్మానికీ మధ్య ఎంత దూరముందని? అదే బియ్యం, అదే పప్పు, గీత మాత్రం సగం. మీ లెక్క నమ్మి కూర్చుంటే నా కొంప మునిగేది.

వ్యాట్_కాలం_ప్రాక్టీషనర్:
ఖమ్మం తమ్ముడూ, దాటేలా ఉంటే కాంపొజిషన్ తీసుకో, చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద తక్కువ శాతం కట్టే పద్ధతి అది. కోటిన్నర దాకా ఒక శాతం, మూడు నెలలకోసారి సీఎంపీ-08 ఫారం. కొత్త రేట్లతో దానికి సంబంధమే లేదు.

తెనాలి_బట్టలకొట్టు:
ఎనిమిది వేలు ఎక్కువా తక్కువా అని ఎవరూ చెప్పలేదు.

పద్దుల_గుంటూరు:
ఎక్కువ కాదండి. సెప్టెంబర్ ఎలా గడిచిందో మా వైపు నుంచి వినండి. 21 దాకా 12, 22 నుంచి 5. సరుకు ముందే వెళ్లి బిల్లు తర్వాత కొట్టినవి ఉంటాయి. సరుకు ఇవ్వడం, బిల్లు, డబ్బు, ఈ మూడింట్లో ఏ రెండు 22కి ముందున్నాయో, ఏ రెండు తర్వాతో ఒక్కో బిల్లుకీ చూడాలి. 12లో అమ్మిన సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోట్ 12లోనే ఇవ్వాలి. ఇదంతా ఉండగా 12వ తారీఖు రాత్రి పదకొండింటికి మసకబారిన బిల్లుల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి, రేపేగా ఆఖరు, వేసెయ్యమ్మా అంటారు. 2025 జూలై రిటర్న్ నుంచి పన్ను కట్టే 3బి రిటర్న్‌లో అమ్మకాల పన్ను మార్చడానికి లేదు, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1లో తప్పు పడితే దాన్ని సవరించే 1ఏ ఫారంలోనే దిద్దుకోవాలి. ఒక ఆడపిల్ల రాత్రి రెండింటి దాకా ఆఫీసులో కూర్చుని చేసిన పని అది.

నోట్‌బుక్స్_హోల్‌సేల్_బెజవాడ:
మీలాంటి ఆఫీసులు వేరు. మా వాడు నా ఫోనే ఎత్తలేదు. సరే, ఇది చెప్పండి. పాత స్టాకులో కొంత సరుకుకి కొనుగోలు బిల్లులు దొరకడం లేదు. ప్రాక్టీషనర్ గారు అయినా చెప్పండి.

వ్యాట్_కాలం_ప్రాక్టీషనర్:
మార్కెట్ ధర మీద అంచనా వేసి ఐటీసీ-03 వేసెయ్. రూల్ 44 ఒప్పుకుంటుంది. నాకు పంపు, నేను సంతకం చేసి ఇస్తాను.

పద్దుల_గుంటూరు:
అంచనా దాకా సరే. బిల్లులు లేని స్టాకుకి సర్టిఫికెట్ మాత్రం ప్రాక్టీసులో ఉన్న సీఏ గానీ కాస్ట్ అకౌంటెంట్ గానీ ఇవ్వాలి. రిటర్న్‌లు వేసిపెట్టే ప్రాక్టీషనర్ సంతకం చెల్లదు.

వ్యాట్_కాలం_ప్రాక్టీషనర్:
నిన్న మొన్న ట్యాలీ నేర్చుకున్నవాళ్లు నాకు రూల్ 44 చెప్పే రోజులు. సీఏ నా పక్క గదిలోనే ఉంటాడు, ఆయన చేతే చేయిస్తాను.

హనుమకొండ_పార్లర్:
నేను మూడో పోస్టు నుంచి ఎదురుచూస్తున్నాను. నా ప్రశ్న ఒక్కరికీ కనపడలేదా?

పద్దుల_గుంటూరు:
క్షమించండి మేడమ్. ఫేషియల్, హెయిర్ కట్ లాంటి సర్వీసు 5 శాతం, దానికి వాడిన సరుకు మీద ఇన్‌పుట్ లేదు. కౌంటర్‌లో అమ్మే షాంపూ, క్రీము వ్యాపారం వేరు, అమ్మకానికి కొన్నవాటి ఇన్‌పుట్ తీసుకోవచ్చు. అద్దె రెండింటికీ ఉమ్మడి కాబట్టి అమ్మకాల దామాషాలో కొంత క్రెడిట్ మిగులుతుంది. అందుకే కొనేటప్పుడే పార్లర్‌లో వాడేవి, అమ్మేవి విడివిడి బిల్లులు తీసుకోండి. అమ్మకం బిల్లులు కూడా వేరే నంబర్ సిరీస్‌లో కొట్టండి.

హనుమకొండ_పార్లర్:
ఇన్ని రోజులూ రెండూ ఒకే బిల్లులో కొడుతున్నాం. రేపు పొద్దున్నే విడగొట్టిస్తాను. ఆఫర్‌లో ఫేషియల్‌తో పాటు ఉచితంగా ఇచ్చే క్రీము ఏ సిరీస్‌లో వెయ్యాలి?