హనుమకొండలో సాధనకు తొలి పిస్టల్: కొత్త స్ప్రింగుదా, వాడిన పోటీ పిస్టలా, పాయింట్ 22నా?

కాజీపేట తండ్రి:
తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కొంతకాలంగా హనుమకొండలోని ఒక ప్రైవేటు హాలులో పది మీటర్ల పిస్టల్ సాధన చేస్తోంది. అక్కడి పిస్టళ్లు చేతులు మారుతూనే ఉంటాయి గనుక, ముందు వచ్చినవారు తమ చూపుకు తగ్గట్టు తిప్పిపెట్టిన సైటును (గురి చూసే భాగాన్ని) సరిచేసుకోవడానికే ఆమె సమయంలో సగం పోతోంది. సొంతంగా ఒకటి కొనిద్దామంటే ముగ్గురు మూడు దారులు చూపుతున్నారు. తక్కువలో వచ్చే కొత్త స్ప్రింగు ఎయిర్ పిస్టల్ చాలునని ఒకరు, ఎవరైనా మంచి షూటర్ వాడి అమ్ముతున్న, గాలి సిలిండర్‌తో పనిచేసే పోటీ పిస్టల్ తీసుకోమని మరొకరు, ఎలాగూ రేపు కొనక తప్పదు కాబట్టి ఇప్పుడే పాయింట్ 22కు, అంటే 0.22 అంగుళాల తూటా పిస్టల్‌కు, లైసెన్సు దరఖాస్తు పెట్టమని ఇంకొకరు అంటున్నారు. నేను డెబ్బై వేలు దాటలేను. తెలిసినవారు కారణాలతో సహా చెప్పండి.

పాకాల:
నేను పాయింట్ 22 పక్షమే. ఎయిర్ పిస్టల్‌కే అలవాటుపడిన పిల్లలు తర్వాత 25 మీటర్ల వరుసలో నిలబడినప్పుడు, తూటా శబ్దానికీ చేతికి తగిలే కుదుపుకూ ముందుగానే కళ్లు మూయడం, మణికట్టు బిగించడం నేను చాలామందిలో చూశాను. ఆ బెదురు ఒకసారి పట్టుకుంటే వదిలించడం కష్టం. పైగా పాయింట్ 22కు సిలిండర్ల గొడవ లేదు, గాలి నింపించుకోవడానికి ఊరూరా తిరగక్కరలేదు. వాడిన వాల్థర్ కంపెనీ జీఎస్పీ పిస్టల్ వంటిది ఒకటి దొరికితే పదేళ్లయినా చెక్కుచెదరదు.

హనుమకొండ వకీలు:
పాకాల గారు పిస్టల్ గురించి చెప్పారు గానీ అమ్మాయి వయసును లెక్కలోకి తీసుకోలేదు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్లు నిండనివారు తుపాకిని సొంతంగా కలిగి ఉండరాదు. శిక్షణలో భాగంగా నిర్ణీత షరతులతో వాడుకునే వెసులుబాటు మాత్రమే ఉంది. తండ్రి తన పేరున తీసుకోవాలన్నా వరంగల్ పోలీస్ కమిషనరేట్‌లో దరఖాస్తు, విచారణ, సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం, ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులో రాసిన పరిమితి, ఇవన్నీ ఉంటాయి. ఎయిర్ పిస్టల్ సంగతి వేరు. 2016 నాటి నియమాల ప్రకారం గొట్టం లోపలి కొలత పాయింట్ 177, అంటే 4.5 మిల్లీమీటర్లు, దాటకుండా, పెల్లెట్ (అందులో వేసే చిన్న సీసపు గుండు) శక్తి 20 జూళ్లు మించకుండా ఉన్న గాలి ఆయుధానికి లైసెన్సు అక్కరలేదు. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి అందులో మూడో వంతు కూడా ఉండదు. అలాగని ఇంటి డాబా మీద పెట్టి కాల్చకండి. కంటికి తగిలితే దానికీ తూటాకూ తేడా ఉండదు.

పాత గురి:
వకీలు గారు చెప్పిన తర్వాత పాయింట్ 22 చర్చ ఇక్కడికి ముగిసినట్టే అనుకుంటాను. పాకాల గారు చెప్పిన బెదురు నిజమే గాని, దానికి మందు ముందుగానే తూటాలు కాల్చడంలో లేదు, ట్రిగ్గర్ మీద వేలు పట్టు కుదరడంలో ఉంది. మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ల వయసులో సీనియర్ జాతీయ చాంపియన్ అయింది పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోనే. ఆమె 25 మీటర్ల విభాగంలో ఒలింపిక్స్‌కు వెళ్లింది 2024లో. పాయింట్ 22లో వాడే తూటా మైనపు పూత, మసి, మధ్యలో పేలకుండా ఉండిపోయే తూటాలు, ఒక పిస్టల్‌కు నచ్చిన తూటా మరోదానికి నచ్చకపోవడం, ఇవన్నీ తొలి ఏడాదే పిల్లలకు ఎందుకు?

ఇక స్ప్రింగు పిస్టల్ విషయానికి వస్తే, తక్కువ ధర అన్నది ఒక్కటే దాని గుణం. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ఒకసారి వెనక్కూ మరోసారి ముందుకూ కుదుపుతుంది, పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే. పట్టు రవ్వంత మారినా గుండు వేరేచోట పడుతుంది కాబట్టి తప్పు తనదో పిస్టల్‌దో అమ్మాయికి తెలియదు. అంతకంటే ముఖ్యమైనది, దానితో ఖాళీ సాధన చేయలేము: పెల్లెట్ లేకుండా వదిలితే పిస్టన్ గోడకు కొట్టుకుని సీలు పాడవుతుంది. పోటీ పిస్టల్‌లో దీనికోసమే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. గాలి ఖర్చు కాకుండా, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేస్తుంది. తెల్లగోడ ముందు నిలబడి రోజూ ఇరవై నిమిషాలు అలా నొక్కినవారే ముందుకు వెళ్తారు. హాలు ఫీజు లేదు, పెల్లెట్ల ఖర్చు లేదు.

కాబట్టి నా ఓటు వాడిన పోటీ పిస్టల్‌కే. స్టేయర్, మోరిని, వాల్థర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్దినీ, వీటిలో ఏదైనా పర్వాలేదు. పేరు చూసి మురిసిపోకుండా ఆ పిస్టల్ పరిస్థితి చూడండి. చూడవలసినది ముందు సిలిండర్. దానిమీద తయారీ తేదీ, గడువు చెక్కి ఉంటాయి, సాధారణంగా పదేళ్లు. గడువు దాటితే పోటీలో అనుమతించకపోవచ్చు, మార్పించడానికి మళ్లీ వేలు పోయాలి. రాత్రి సిలిండర్ గాలి మీటరులో అంకె రాసిపెట్టుకుని పొద్దున చూడమని అమ్మేవారిని అడగండి; తగ్గి ఉంటే ఎక్కడో కారుతోంది. తర్వాత ట్రిగ్గర్. పోటీ నియమం ప్రకారం అది కనీసం 500 గ్రాముల బరువు తట్టుకోవాలి. పిస్టల్‌లో పెల్లెట్ లేదని నిర్ధారించుకుని, గాలితోనే కాల్చడానికి సిద్ధంగా బిగించి, గొట్టాన్ని నిట్టనిలువుగా పైకి పట్టి, ట్రిగ్గర్ మధ్యన దారంతో అర కిలో తూకపు రాయి తగిలించి నెమ్మదిగా ఎత్తండి. రాయి నేలను వదిలి లేచినా ట్రిగ్గర్ వదలకూడదు. కిరాణా కొట్టు రాయి చాలు, పెద్ద పరికరం అక్కరలేదు.

జమ్మికుంట:
పాత గురి గారూ, మీరు నగరం లెక్కలో మాట్లాడుతున్నారు. సిలిండర్‌లోకి 200 బార్ల ఒత్తిడితో గాలి ఎక్కడ నింపుతారు? మా వైపు ఆ ఊసే లేదు. స్ప్రింగు పిస్టల్‌ను గొట్టం వంచితే చాలు, వెంటనే సిద్ధం. పాడైతే మన దేశంలోనే విడిభాగాలు దొరుకుతాయి. వాడిన పిస్టల్ సీలు పోతే విదేశాల నుంచి వచ్చేదాకా ఆగాలి కదా? నమ్మకమంటే ఎప్పుడు తీసినా పనిచేయడమే.

పాత గురి:
ఇది న్యాయమైన ప్రశ్న. చేతి పంపు కొనాలి. దానితో పిస్టల్ సిలిండర్ నింపడం చెమట పట్టే పనే కానీ అయ్యే పనే. పంపుతో పాటు తేమ పోగొట్టే పరికరం తప్పనిసరి, ముఖ్యంగా వానాకాలంలో. లేకుంటే లోపలికి నీటి తడి చేరి, గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్ పాడవుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో సిలిండర్ వదిలేయకండి. సీలు రింగుల సెట్టు ముందే ఒకటి కొని ఇంట్లో పెట్టుకోవాలి. ఇవన్నీ కలిపి లెక్క వేసుకోండి, పిస్టల్‌కే డెబ్బై వేలూ పోయకండి.

ప్రతి కాల్పుకు ముందు మీటను ఒకసారి తోసి గాలి బిగించే పాత రకం పిస్టల్ కూడా ఉంది. దానికి సిలిండర్ లేదు, కుదుపు దాదాపు లేదు, జమ్మికుంట గారి అభ్యంతరానికి అదే సరైన జవాబు. ఒక్కటే ఇబ్బంది: పోటీలో 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి, అంటే 60 సార్లు బిగించాలి. పిల్లల భుజం దానికే అలసిపోతుంది. ఇంటి సాధనకు మాత్రం బాగుంటుంది.

పాకాల:
చట్టం విషయంలో వకీలు గారి మాటే సరి. అయినా ఏడాది తర్వాత అమ్మాయిని గచ్చిబౌలి రేంజికి తీసుకెళ్లి, శిక్షకుల పర్యవేక్షణలో పాయింట్ 22 పట్టుకోనివ్వండి. ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను.

కాజీపేట తండ్రి:
హైదరాబాద్‌లో ఒకరు వాడిన పోటీ పిస్టల్ అమ్ముతున్నారని తెలిసింది. సిలిండర్ గడువు ఇంకా ఉందట. తూకపు రాయి పట్టుకుని ఆదివారం వెళ్తాము. కానీ ఒక సందేహం, ముందే చెప్పవలసింది: మా అమ్మాయిది ఎడమ చేయి. ఆ పిస్టల్ గ్రిప్ (పిడి) కుడిచేతిది, అదీ పెద్దవారి చేతికి చెక్కినది.

పాత గురి:
గ్రిప్ ఒక్కటే అయితే భయపడకండి, ఆ కంపెనీ ఎడమచేతి గ్రిప్ విడిగా దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి. దొరికితే చిన్న సైజు తీసుకుని, అరచేతికి ఖాళీ మిగిలినచోట చెక్క పుట్టీ పట్టించి గీకుకోవచ్చు, షూటర్లందరూ చేసే పనే. ఎడమ గ్రిప్ దొరకనిదైతే ఎంత చవకగా ఇచ్చినా ఆ పిస్టల్ వద్దు. అమ్మాయిని కూడా ఆదివారం వెంట తీసుకెళ్లండి, ధర మాట్లాడకముందే ఆమె చేతికివ్వండి.